ఎవరూ కట్టని గోడ

కట్టడం ఎదుట నిలబడి, ఒక్క చూపు చూసి, దాని వయసు చెప్పేసేవాళ్లను తొందరపడి నమ్మకండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పనుల్లో అదొకటి కాబట్టి చెబుతున్నాను.

ప్రభుత్వ భవనాల విభాగంలో ఇంజనీరుగా నా సర్వీసంతా హోసూరుకీ కృష్ణగిరికీ మధ్యనే గడిచిపోయింది. బదిలీ వచ్చిందంటే బస్సెక్కే చోటూ దిగే చోటూ తారుమారయ్యేవి, అంతే. హోసూరులో ఈ విద్యతో అవసరం తక్కువ. అక్కడ పాత భవనమంటే ఫ్యాక్టరీలు రాకముందుది, అంటే ఇప్పటికే కూలగొట్టేసినది. కృష్ణగిరి అలా కాదు. కొండ కింది పాత వీధుల్లో తాత కట్టిన ఇంటికి తండ్రి ముఖం మార్చి, కొడుకు రంగు వేసి, మనవడు దాని నెత్తిన సెల్‌ఫోన్ టవర్ నిలబెట్టి ఉంటాడు. అలాంటి ఇల్లు ఎప్పటిదో చెప్పమని తాలూకా ఆఫీసు నుంచో, కోర్టు నుంచో కాగితం వచ్చేది. ఆ కాగితాలన్నీ వాటంతటవే నా బల్ల మీదికి చేరేవి. మొదటిసారి అడిగినప్పుడు సరిగ్గా చెప్పడం నా దురదృష్టం.

విద్య పెద్దదేమీ కాదు. పిట్టగోడ మీద సిమెంటుతో పోసిన సంవత్సరం కనిపిస్తే దాన్ని పక్కన పెట్టాలి. అది గార వయసు, ఇంటి వయసు కాదు. కిటికీకి వెల్డింగ్ గ్రిల్లు ఉంటే ఒక కాలం, చెక్క చట్రంలోకి గుచ్చిన ఇనప కమ్మీలుంటే ఇంకో కాలం. చూరు మీద నాటు పెంకులా, మంగళూరు పెంకులా చూడాలి. గార ఊడిన చోట లోపలి ఇటుక ఎంత పలచనో చూడాలి. మా వైపు రాతి కట్టడాలు ఎక్కువ కాబట్టి రాయిని ఎలా చీల్చారో చూడాలి. చీలలు దిగ్గొట్టి చీల్చిన రాయి అంచున పలకగా గుంటలుంటాయి. కంప్రెసర్ డ్రిల్లుతో చీల్చిన రాయికి సగం గొట్టంలాంటి గాడి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి వెనక్కి పోవాలి. ముఖాన్ని అందరూ మారుస్తారు. వీపు సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఇక గోడ దగ్గరికి వస్తాను.

పాత వీధిలో రెండిళ్లు ఆనుకొని ఉండేవి. ఒకటి చింతపండు వ్యాపారం చేసే పెద్దాయనది. ముందు గది అంగడి, వెనక కాపురం. ఆయన తండ్రీ, తాతా అక్కడే చింతపండు అమ్మారు. ఆ ఇంట్లో గోడకు తల ఆనించినా జుట్టుకు పులుపు అంటుకుంటుంది. రెండోది ఒక కుట్టుపనామెది. ఆమె మామ గురుబరపల్లి వైపు గొర్రెలు మేపినవాడు. ఒక ఏడు మందలో సగం అమ్మి పేటలో ఈ ఇల్లు కొన్నాడు. ఆయనా పోయాడు, తర్వాత ఆమె మొగుడూ పోయాడు. కూతురికి హోసూరు ఫ్యాక్టరీలో పని, సెలవు దొరికినప్పుడు వచ్చి పోతుంది. ఆమె ముందు గదిలో మిషన్లు పెట్టుకొని, వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లను కూడగట్టుకొని, స్కూలు యూనిఫారాలు కుట్టేది. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే.

ఆమె ఇంటి కప్పు మోసే దూలాల కొసలు ఆ గోడలో దిగి ఉన్నాయి. వాటికి చెదలు పట్టింది. పాత కప్పు తీసేసి స్లాబు పోయించి, పైన ఒక గది వేసుకుందామని ఆమె మేస్త్రీని పిలిచింది. మేస్త్రీ గోడకు గడ్డపార ఆనించాడో లేదో పెద్దాయన వచ్చి అడ్డం నిలబడ్డాడు. గోడ మా పెద్దలు కట్టించింది, దాన్ని ముట్టుకోవద్దు అన్నాడు. మా మామ నాలుగు గోడల ఇల్లు కొన్నాడు, మూడు గోడల ఇల్లు కాదు అని ఆమె అంది. అప్పటిదాకా ఆమె ఆయన్ను అప్పా అనేది, ఆయన ఆమెను అమ్మా అనేవాడు. ఆ తర్వాత ఒకరినొకరు వాది, ప్రతివాది అనుకున్నారు. కేసు తేలేదాకా గోడను ఎవరూ ముట్టుకోకూడదని కోర్టు ఆర్డరు వేసింది. మేస్త్రీ ఆగిపోయాడు. చెదలకు మాత్రం ఆర్డరు అందలేదు.

కొన్నేళ్లు గడిచాక ఆ కోర్టుకు కొత్త జడ్జి వచ్చారు. గోడను ఈ రెండిళ్లలో ఏ ఇంటివాళ్లు కట్టారో చూసి చెప్పమని మా శాఖకు రాశారు. ఏ ఇల్లు ముందు పుట్టిందో గోడ ఆ ఇంటిదేనని వక్కీళ్లిద్దరూ ఒప్పుకున్నారట. ఇన్నేళ్లలో వాళ్లు ఒప్పుకున్నది అదొక్కటే. కాగితం నా బల్ల మీదికొచ్చింది.

వెంట మా డ్రాఫ్ట్స్‌మన్‌ను తీసుకెళ్లాను. అతనికి చరిత్ర పిచ్చి. ఎక్కడ పాత రాయి కనిపించినా చెయ్యి వేసి, చాన్నాళ్లకు కలిసిన మేనమామను పలకరించినట్టు పలకరిస్తాడు. అతని గీత ఎన్నడూ తప్పేది కాదు. నోరు తప్పేది.

మేము వెళ్లేసరికి రెండిళ్లవాళ్లూ, వక్కీళ్లిద్దరూ వీధిలో సిద్ధంగా ఉన్నారు. పెద్దాయన తెల్లచొక్కా తొడుక్కొని పెళ్లివారిని ఆహ్వానించినట్టు ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి. చూస్తానే తెలిసిపోతాది మీకు. ఆ స్తంభాలు చూడండి. ఆ సున్నపు గార చూడండి. రెండు నూర్ల ఏండ్ల ఇల్లు ఇది."

కుట్టుపనామె తన గడపలోంచి కదలకుండానే అంది. "గార పాతదైతే గోడ వాళ్లదైపోతాదా మేడమ్? ఈడ కూడా వచ్చి చూడండి."

ముందు ఆమె ఇంట్లోకే పోయాను. గది మధ్యలో ఒక తైలం కొయ్య, అంటే నీలగిరి చెట్టు మాను, నిలబెట్టి ఉంది. కుళ్లిన దూలం కొస గోడలోంచి జారకుండా ఆ కొయ్యే మోస్తోంది. దాని పక్కనే మిషను. నేను చూస్తుండగానే పైనుంచి గోధుమరంగు పొడి జలజలా రాలి నీలం గుడ్డ మీద పడింది. ఆమె తల ఎత్తకుండానే గుడ్డ దులిపేసింది.

"ఈ గదిలో కూర్చోవద్దమ్మా," అన్నాను.

"యాడ కూర్చోమంటారు మేడమ్? స్కూళ్లు తెరిస్తే పిల్లోళ్లు గుడ్డల్లేకుండా పోతారా? పొద్దున లేస్తానే కొయ్యను చూస్తాను. అది నిలబడుంటే నేను కూర్చుంటాను."

వీధిలోకి వచ్చి పని మొదలుపెట్టాను.

పైచూపుకు పెద్దాయన చెప్పిందే నిజం అనిపిస్తుంది. ఆయన ఇంటికి సున్నపు గార, చెక్క స్తంభాలు, కమ్మీల కిటికీలు. ఆమె ఇంటికి సిమెంటు గార, గ్రిల్లు, పిట్టగోడ మీద ఆమె మామ పోయించిన సంవత్సరం, దాని పక్కన ఒక సిమెంటు తామరపువ్వు. కానీ ఆమె గోడ అడుగున వాన చినుకులకు గార ఊడి, లోపల పలచటి పాత ఇటుక కనిపిస్తోంది. మట్టి అడుసుతో పేర్చినది. ఆ గొర్రెల కాపరి కొత్త ఇల్లు కట్టలేదు. పాత ఇంటికి కొత్త ముఖం పెట్టాడు. రెండిళ్ల వయసులోనూ పెద్ద తేడా లేదు.

అసలు విషయం రెండిళ్ల ముందు గోడలూ మధ్య గోడను కలిసే చోట ఉంది. ఒక ఇంటివాడు గోడ కట్టుకుంటే మూలలో రాయీ ఇటుకా ఒకదాన్నొకటి కొరికి పట్టుకోవాలి, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు. ఇక్కడ అలా లేదు. పెద్దాయన ముందు గోడ వచ్చి మధ్య గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె ముందు గోడా అంతే. రెండు వైపులా పైనుంచి కిందికి తిన్నగా ఒక చీలిక. డ్రాఫ్ట్స్‌మన్ తన టేపు అంచును రెండు చీలికల్లోకీ దూర్చి చూపించాడు. అంటే మధ్య గోడ అప్పటికే ఉంది. రెండిళ్లూ దానికి చేరబడ్డాయి.

"వెనక్కి పోదాం," అన్నాను.

వక్కీళ్లిద్దరికీ వెనక పెరట్లో ఆసక్తి లేదు. ఇద్దరూ కలిసి వీధి మొగలో కాఫీకి పోయారు. ఆ కాఫీ చేసిన మేలు ఎంతటిదో తర్వాత తెలిసింది.

పెరట్లో మధ్య గోడ రెండిళ్లనూ దాటి ఇంకా వెనక్కి పోయి, కొండవైపు రాళ్లలో అంతమయ్యింది. ఆ భాగం మనిషి భుజం ఎత్తుకే ఉంది. ఇటు పెద్దాయన, అటు కుట్టుపనామె, గోడ మీదుగా ఇద్దరి తలలూ కనిపిస్తున్నాయి. రాయంతా చీలలతో చీల్చింది, గుంటలు అరిగి నునుపెక్కాయి. పెద్దాయన వైపు గోడ వెంట చింతపండు గోతాలు పేర్చి ఉన్నాయి. వాటిని జరిపించాను. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఒక రాయి. దానికి అడ్డంగా చిల్లు. మూరెడు దూరంలో కాదు, ఒక పశువు నిలబడేంత ఎడంలో ఇంకొకటి. ఇంకొకటి. చిల్లు లోపలి అంచులు తాడు ఒరుసుకొని ఒరుసుకొని నున్నగా ఉన్నాయి. ఆమెను అటువైపు కట్టెలు తీసి చూడమన్నాను. "ఈడా ఉండాయి మేడమ్," అంది.

నేను నోరు తెరవబోయేలోపే మా డ్రాఫ్ట్స్‌మన్ గోడ మీద రెండు చేతులూ వేశాడు.

"మేడమ్! ఇది ఇంటి గోడే కాదు మేడమ్! ఎద్దుల్ని కట్టేసే రాళ్లివి! పాత దారిలో పోయే బండ్లు నిలిచే సావడి ఇది! రెండు పక్కలా ఎడ్లు కట్టినారు, ఆ పక్క రాళ్ల దాకా!" అని చెయ్యి చాపి రెండిళ్లనూ చుట్టేశాడు. "ఇదంతా ఊరుమ్మడి సావడి. అంటే పోరంబోకు. సర్కారు స్థలం!"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో.

పోరంబోకు అనే మాట మా జిల్లాలో ఎవరికీ అర్థం చెప్పనవసరం లేదు. ఎవరి పేరునా లేని సర్కారు నేల. దాని మీద ఇల్లుంటే ఇల్లు ఎవరిదైనా, ఎన్ని తరాలదైనా, ఒకరోజు ఎవరో వచ్చి గుమ్మానికి కాగితం అతికించి పోవచ్చు. పెద్దాయన నెమ్మదిగా ఒక గోతాన్ని తీసి మొదటి రాయికి అడ్డం పెట్టాడు. ఆమె అటువైపు కట్టెలు మళ్లీ పేర్చుకోవడం మొదలుపెట్టింది. వక్కీళ్లు కాఫీ తాగి వచ్చేసరికి పెరడు పాతరూపుకు వచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ అన్నాడు. "నేను చరిత్ర చెప్పినాను మేడమ్."

"కొంచెం మెల్లగా చెప్పుండాల్సింది," అన్నాను.

మర్నాడు ఆఫీసు తెరిచిన కాసేపటికి బయట ఒక ఆటో ఆగింది. పెద్దాయన దిగాడు. అదే ఆటోలోంచి, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి కూర్చున్న కుట్టుపనామె దిగింది. ఇద్దరూ నా బల్ల ముందుకు వచ్చి కూర్చున్నారు. ఎవరు మొదలుపెట్టాలో తేలక కాసేపు ఫ్యాను చూశారు.

"గోడ అంత పాతది కాదమ్మా," అన్నాడు చివరికి పెద్దాయన.

"రెండు నూర్ల ఏండ్లు అన్నారు కదప్పా, నిన్ననే?"

"అది కోపంలో అన్నాను. మా నాయన కాలంలో కట్టినట్టుండాది. నేను చిన్నోడిగా ఉన్నప్పుడు సున్నం మోసినట్టు గ్యాపకం కూడా ఉండాది."

"నేనూ విన్నాను మేడమ్," అంది కుట్టుపనామె.

"మీరు ఎట్ల వింటారమ్మా? అప్పటికి మీ మామగారు కూడా ఇల్లు కొనలేదు కదా?"

ఆమె తడుముకోలేదు. "ఈయప్పే చెప్పినాడు. ఇప్పుడు ఆటోలో."

నేను కిటికీ వైపు తిరిగాను. నవ్వు వచ్చింది, కానీ నవ్వే సమయం కాదని తెలుస్తోంది. అంగడి, ఇల్లు, పెద్దాయనకు తెలిసిన లోకమంతా ఆ గోడకే చేరబడి ఉంది. ఆమెకైతే చేరబడడానికి ఒక కొయ్య మాత్రమే మిగిలింది.

"మేడమ్," అంది ఆమె గొంతు తగ్గించి, "గోడ వయసు కొంచెం తగ్గించడానికి అవుతాదా?"

"అవదమ్మా."

"మనుషులకు ఆధార్ కార్డులో తగ్గిస్తా ఉండారు కదా మేడమ్."

"గోడకు ఆధార్ లేదమ్మా. ఉన్నది ఉన్నట్టే రాస్తాను. కానీ కోర్టు నన్ను అడిగింది ఒకటే. గోడను మీ ఇద్దరిలో ఎవరు కట్టినారని. దానికి జవాబు, ఇద్దరూ కట్టలేదు. అంతవరకు రాస్తాను. ఆ రాళ్లు మావాడు గీసిన గోడ బొమ్మలో ఉంటాయి, తీసేయలేను. అవి ఎందుకుండాయని జడ్జిగారు అడిగితే మాత్రం తెలిసింది చెప్పాల."

"అడగకపోతే?" అన్నాడు పెద్దాయన.

"అడగనిదానికి నేనెందుకప్పా చెప్తాను?"

ఇద్దరూ ఒకేసారి లేచారు. పోయేటప్పుడు పెద్దాయన ఆటోవాడితో, ముందు ఈమెను దించు అని చెప్పడం వినిపించింది. ఇద్దరూ దిగేది ఒకే చోట.

ఇది మీకు తేలికగా అనిపించవచ్చు. నాకు అప్పుడు తేలిక కాదు. ఆ గోడ సావడిదేనని డ్రాఫ్ట్స్‌మన్‌కు ఎంత నమ్మకమో నాకూ అంతే. కానీ ఎడ్లు కట్టిన రాయి ఎడ్లు కట్టారని చెబుతుంది, ఆ ఎడ్లు ఎవరివో, నేల ఎవరిదో చెప్పదు. ఒక పెద్ద బండ్ల యజమాని సొంత కొట్టమైనా అయి ఉండవచ్చు. నా ఊహను రిపోర్టులో రాస్తే అది ఊహగా ఉండదు, గవర్నమెంటు కాగితం అవుతుంది. కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు నడిచేకొద్దీ ఎంత బలిసిపోతుందో ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీకూ కొన్నాళ్లకు తెలుస్తుంది. అలాగని చూసిన రాళ్లను చూడలేదనలేను. రిపోర్టు రాస్తున్నంతసేపూ ఆ తైలం కొయ్య కళ్లముందు నిలబడే ఉంది.

మా పై అధికారి దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన కోర్టు మెట్లు ఎక్కీ దిగీ అరిగిపోయిన మనిషి. అంతా విని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నిజమే చెప్పు. కానీ ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగు. మనవాళ్లు చాలామంది ప్రశ్న సగంలో ఉండగానే నిజం చెప్పేస్తారు."

ఉద్యోగంలో నాకు దొరికిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

కోర్టు రోజు వచ్చింది. మా కోర్టుల్లో వ్యవహారమంతా అరవంలో నడుస్తుంది. కొత్త జడ్జిగారు దక్షిణపు జిల్లాలవారు, తెలుగు ముక్క రాదు. నన్ను బోనులో నిలబెట్టారు. మధ్య గోడ రెండిళ్లకన్నా పాతదని, రెండిళ్లూ తర్వాత దానికి చేరి లేచాయని, ఈ ఇద్దరి ఇళ్లు కట్టినవాళ్లెవరూ దాన్ని కట్టలేదని చెప్పాను. పెద్దాయన వక్కీలు గార గురించీ స్తంభాల గురించీ కాసేపు అడిగాడు. జవాబులు విని కూర్చున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు కుట్టుపనామె వక్కీలు లేచాడు. చురుకైన మనిషి. ఏ కాగితాన్నైనా చివరి గీతదాకా చదువుతాడు, అదే చిక్కు. మా బొమ్మను పైకెత్తి, పెరటి గోడ వెంట డ్రాఫ్ట్స్‌మన్ గీసిన చిన్న సున్నాల మీద వేలు పెట్టాడు. ఇవేమిటి అని అడిగాడు.

"చిల్లు పెట్టిన రాళ్లు," అన్నాను.

అవి ఆ గోడకు ఎందుకు పెట్టినట్టు అని అడగడానికి అతను ఊపిరి తీసుకొని మొదలుపెట్టాడు. నేను ఆగాను. ప్రశ్నలో చివరి మాట ఇంకా అతని నోట్లో ఉండగానే వెనక బెంచీ దగ్గర పెద్దాయన లేచి నిలబడ్డాడు. కంగారులో అరవం మరిచిపోయాడు.

"గుడ్డలు ఆరేసేకి సామీ! మా యమ్మ తాడు కట్టి గుడ్డలు ఆరేస్తా ఉండె!"

అదే క్షణంలో ఇటువైపు కుట్టుపనామె కూడా లేచింది. "మేకల్ని కట్టేసేకి సార్! మా మామ మేకల్ని కట్టేస్తా ఉండె! ఆయప్ప చెప్పేది నిజం సార్, వాళ్లు గుడ్డలు ఆరేస్తా ఉండిరి, మేము మేకల్ని కట్టేస్తా ఉంటిమి!"

"ఆమె చెప్పేదీ నిజం సామీ!"

ఆమె వక్కీలు ఆమె వంక, పెద్దాయన వక్కీలు పెద్దాయన వంక నోరు తెరుచుకొని చూశారు. ఇన్నేళ్లుగా ఒకరు అవునన్నదాన్ని ఇంకొకరు కాదంటారనే ధైర్యంతోనే ఆ ఇద్దరూ కేసు నడిపారు.

ఏమంటున్నారని జడ్జిగారు బెంచి క్లర్కును అడిగారు. క్లర్కుది బేరికె. తెలుగూ అరవమూ రెండూ తెలిసినవాడు. లేచి నిలబడి, రెండు వైపులా ఒకసారి చూసి, ఇద్దరూ ఒకటే చెబుతున్నారండీ అని అరవంలో ముగించాడు. అంతకన్నా పొట్టి అనువాదం నేను ఎక్కడా వినలేదు.

జడ్జిగారు బొమ్మను తన ముందుకు లాక్కున్నారు. ఆ సున్నాలను, వాటి మధ్య ఎడాన్ని, పక్కన రాసిన ఎత్తును చాలాసేపు చూశారు. ఎడ్లున్న ఇంట్లో పుట్టిన మనిషి అయి ఉంటారని నాకు అనిపించింది. ఆ చూపు అలాంటిది. తర్వాత నన్ను చూశారు. ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగారు.

"అడిగితే చెబుతానండీ," అన్నాను.

ఆయన ఏమీ అడగలేదు. బొమ్మను ఫైలులో పెట్టి మూసేశారు. గోడ గురించి ఇద్దరిదీ ఒకే మాట అయినప్పుడు నా ముందు ఏం చేస్తున్నారు, బయట చెట్టు కింద కూర్చొని రాజీ రాసుకొని రండి అన్నారు.

రాసుకున్నారు. గోడ ఇద్దరిదీ. ఎవరైనా చేరబడవచ్చు, ఎవరూ ఒంటరిగా పడగొట్టకూడదు. సంతకం పెట్టేటప్పుడు పెద్దాయన దగ్గర కలం లేకపోతే ఆమె తన జాకెట్లోంచి గుడ్డ మీద గీతలు గీసుకొనే సుద్దముక్క తీసి, మళ్లీ లోపల పెట్టుకొని, వక్కీలు కలం లాక్కొని ఇచ్చింది. మా డ్రాఫ్ట్స్‌మన్ ఇదంతా వరండాలో స్తంభం చాటు నుంచి చూశాడు. ఆ రోజంతా అతను నోరు తెరవలేదు. అతని జీవితంలో దొరికిన ఒకే ఒక సావడిని తానే గుడ్డలు ఆరేసే తీగగా ఒప్పుకోవలసి వచ్చింది కదా. నేను కాఫీ ఇప్పించాను.

తర్వాత ఆమె స్లాబు గురించి నన్ను అడిగింది. మధ్య గోడ మీద ఏ బరువూ పెట్టకుండా నీ స్థలంలోనే నాలుగు పిల్లర్లు లేపి వేసుకో అన్నాను. అలా అయితే గోడ ఎవరిదైనా ఒకటే. ఈ మాట మొదటిరోజే చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మొదటిరోజు నన్ను అడిగింది గోడ వయసు. అది కాకుండా, కుళ్లిన దూలాలను గోడలోంచి పీకడానికి కోర్టు ఆర్డరు అడ్డం. ఆ ఆర్డరు పోవాలంటే ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. అందుకు దారి పిల్లర్లలో లేదు.

రాజీ అయిన వారానికే పెద్దాయన వెనక పెరట్లో రాళ్లకు నైలాన్ తాడు కట్టించి పంచెలు ఆరేయించాడు. ఆమె మత్తూరు సంత నుంచి ఒక మేకను కొని తెచ్చింది. కోర్టులో చెప్పింది అబద్ధంగా మిగిలిపోకూడదని ఇద్దరికీ పట్టుదల. మేక ఒకనాడు పంచె అంచు నమిలేసిందని విన్నాను. దాని మీద కేసు పడలేదు.

పైగది పూర్తయ్యాక నన్ను పిలిచింది. పోయాను. కొత్త సున్నం వాసన, కిటికీలోంచి కొండ, వరసగా మిషన్లు. కొయ్య లేదు. ఆమె కూతురు హోసూరు నుంచి వచ్చి అందరికీ మజ్జిగ ఇస్తోంది. కాసేపటికి మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న సద్దు. పెద్దాయన. పక్కింటి మేడ మెట్లు మొదటిసారి ఎక్కడం. ఆమె లేచి తన కుర్చీని ఆయనకు జరిపింది. ఆయన కూర్చొని, దగ్గి, ఊపిరి తిరిగాక మిషన్ల వంక చూశాడు.

"ఇంక పైనుండి వినాలేమో," అన్నాడు.

"ఏందప్పా?"

"మీ మిషన్ల సద్దు. కిందుండేటప్పుడు గోడలోంచి మాకు వినిపిస్తాది. కేసు నడిచినన్ని దినాలూ వింటానే ఉన్నాను. నడుమ సద్దు నిలిచిపోతే, కొయ్య పడిపోయిందేమో, ఆమె దాని కిందుండిందేమో అని అన్నంలో చెయ్యి పెట్టుకొని కూర్చుంటా ఉంటిని. మళ్లా మొదలైనాకే తినేది."

ఆమె గ్లాసులో మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగింది. తర్వాత గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది.

"మీ దగ్గు నాకూ వినిపిస్తాదప్పా. గోడలోంచే. ఎన్నాళ్లుగానో వింటా ఉండాను. డాక్టరు దగ్గరికి పోండి."

ఆ గోడ రెండడుగుల మందం. ముడి రాయి. కొలిచింది నేనే. దానిలోంచి కుట్టుమిషను సద్దూ రాదు, ముసలాయన దగ్గూ రాదు. వినాలంటే మనిషి పని మానుకొని గడప బయటికొచ్చి, పక్కగుమ్మం వైపు చెవి పెట్టి నిలబడాలి.

కానీ గోడ గురించి ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు. మజ్జిగ తాగి వచ్చేశాను.